బీడీఎల్ అన్న మూడు అక్షరాల గురించి: కలుషిత మట్టిలో ఫినాల్ కొలిచే అధికారులకు, విశ్లేషకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాలుష్య పరిశీలన అధికారులకు, మట్టి నమూనాలను పరీక్షించే ప్రయోగశాలల విశ్లేషకులకు,

నమస్కారాలు.

నేను ఉత్తర చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి ఆడపడుచును. ముప్పై ఏళ్ళకు పైగా ప్రయోగశాలల్లో నీటినీ మట్టినీ పరీక్షించే ఉద్యోగం చేసి విరమించాను. మా పేటలో మూతపడిన ఒక రెసిన్ షెడ్డు స్థలంలోని మట్టి గురించి మేము ఇచ్చిన మూడు అర్జీలకు అందిన జవాబు ఒకే ఒక్క పుట. అందులో మాకు పనికొచ్చే వరుస ఒకటే: ‘ఫినాలిక్ సమ్మేళనాలు – బీడీఎల్’. అంటే ఫినాల్, దాని జాతి రసాయనాలు గుర్తింపు పరిమితి (ఆ పరీక్షకు కనబడగల అతి తక్కువ మోతాదు) కన్నా తక్కువ అని. ఆ పరిమితి ఎంతో, ఏ పద్ధతిలో కొలిచారో, మట్టిని ఏ లోతు నుంచి తీశారో ఆ పుటలో లేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ‘ప్రామాణిక పద్ధతి ప్రకారం’ అని రాసి పంపారు. ఆ ప్రామాణిక పద్ధతి పేరేమిటని అప్పీలు చేస్తే ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈ లేఖను నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మీ దగ్గర మనుషులు తక్కువ, నమూనాలు ఎక్కువ అని నాకు తెలుసు. ఆ బల్ల దగ్గర నేనూ నిలబడ్డదాన్నే. అందుచేత కోపం పక్కన పెట్టి, ఆ మూడు అక్షరాలు ప్రయోగశాలలో ఎలా పుడతాయో, వీధిలోకి వచ్చాక ఏం చేస్తాయో వరుసగా మీ ముందు పెడుతున్నాను.

1. ముందుగా ఆ స్థలం గురించి. ఆ షెడ్డులో ఫినాల్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ కలిపి వండి, ప్లైవుడ్డు అతికించే రెసిన్ తయారు చేసేవారు. మూతపడ్డాక కొన్నేళ్ళపాటు వెనుక దొడ్లో ఇనుప పీపాలు వానకు తడుస్తూ, తుప్పు పట్టి చిల్లులు పడుతూ ఉండిపోయాయి. కొన్నింటి మీద ఫినాల్ అనీ, మరికొన్నింటి మీద క్రెసైలిక్ యాసిడ్ అనీ చీటీలు చదవడానికి వీలుగానే ఉండేవి. ఈ రెండో పేరును గుర్తుంచుకోమని మనవి. మున్ముందు దానితో పని ఉంది. పీపాలు కడిగిన నీళ్ళు పోవడానికి ఒక గుంత ఉండేది. కాలక్రమంలో పీపాలను పాత ఇనుము వాళ్ళు కొనుక్కుపోయారు, గుంతను పూడ్చారు, రేకులు విప్పారు, స్థలాన్ని ప్లాట్లుగా కోశారు. మీ మనుషులు వచ్చేనాటికి అక్కడ కనబడేది చదును చేసిన ఇసుక నేల, నాలుగు హద్దు రాళ్ళు, కొత్తగా తవ్విన ఒక పునాది గుంత.

మొదటి ఇంటికి పునాది తవ్విన రోజు నేను అక్కడే ఉన్నాను. నాలుగడుగుల లోతుకు వెళ్ళేసరికి ఇసుక నల్లగా, జిడ్డుగా మారింది. వాసన అందరికీ తెలిసిందే, మరుగుదొడ్డి కడిగే నల్ల ఫినాయిల్ వాసన. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన ఆ మట్టిని చేతులతోనే గంపలోకి ఎత్తాడు. మధ్యాహ్నం అన్నానికి ముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చూశాను: వేళ్ళ కొనలు సున్నం పూసినట్టు తెల్లబడి, చర్మం ముడుచుకుపోయి ఉంది. మంటగా ఉందా అని అడిగితే, ‘మంటేటీ లేదమ్మా, తిమ్మిరెక్కినట్టుంది’ అన్నాడు. ఫినాల్ ముందు చర్మాన్ని మొద్దుబారుస్తుంది, అందువల్ల కాలుతున్నా మనిషికి తెలియదు, ఆ చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. వాసననూ వేళ్ళ రంగునూ చూసి అది ఫినాలేనని తేల్చేసే పాటి తొందర నాకు లేదు. తేల్చవలసింది కొలత కాబట్టే మీ దగ్గరకు వచ్చాం.

2. మట్టి తీసిన తీరు. మే నెల మధ్యలో ఇద్దరు వచ్చారు. పారతో ఐదు చోట్ల పై అరడుగు మట్టి గీకి, ఐదింటినీ ఒకే ప్లాస్టిక్ సంచిలో కలిపి, మూతి ముడివేసి, స్కూటరు మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళారు. గాజు సీసా లేదు, ఐస్ పెట్టె లేదు. పునాది గుంత అప్పటికి ఇంకా తెరిచే ఉంది. అందులోకి దిగి చూడమని అడిగితే, ‘మాకు చెప్పింది పైమట్టి’ అన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, వాళ్ళకు చెప్పిన పని వాళ్ళు చేశారు.

కానీ ఫినాల్ పైమట్టిలో కూర్చుని మన కోసం ఎదురుచూసే పదార్థం కాదు. లీటరు నీటిలో దాదాపు 80 గ్రాములు కరిగిపోతుంది. మట్టికి అతుక్కునే గుణం తక్కువ, పైగా మా వైపు నేల ఇసుక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడి, పైన ఉన్నదాన్ని కిందికి, భూగర్భజలం దాకా తోసేస్తాయి. పైపొరలో మిగిలిందాన్ని గాలి తగిలే చోట బతికే బ్యాక్టీరియా తినేస్తుంది. అంటే నిండు వేసవిలో ఆ స్థలంలో అన్నిటికన్నా శుభ్రంగా ఉండే మట్టి ఎక్కడిదయ్యా అంటే, సరిగ్గా ఆ పై అరడుగుదే. గాలి సరిగా అందని లోతుల్లో ఈ కుళ్ళుడు బాగా నెమ్మదిస్తుంది. క్లోరిన్ చేరిన ఫినాల్స్, అంటే క్లోరోఫినాల్స్ అయితే మరీ మొండివి.

ఇక ఐదు చోట్ల మట్టి కలపడం సంగతి. ఒక చోట కిలోకు 10 మిల్లీగ్రాములు ఉండి, మిగతా నాలుగు చోట్ల ఏమీ లేదనుకుందాం. కలిపాక కిలోకు 2 మిల్లీగ్రాములే వస్తుంది. ఎరువు ఎంత వేయాలో తేల్చడానికి పొలమంతటి సగటు కావాలి, అక్కడ కలపడం సబబే. పూడ్చిన గుంత ఎక్కడుందో వెతికేటప్పుడు కలపడమంటే, దొరికినదాన్ని మళ్ళీ దాచిపెట్టడమే.

3. ఆరబెట్టడం. మీరిచ్చిన పుటలో నమూనా వివరం దగ్గర ‘గాలికి ఆరబెట్టిన మట్టి’ అని ఉంది. ఆ మాట చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. భాస్వరం, పొటాషియం చూడటానికి మట్టిని ట్రేలో పరచి ఆరబెడతాం, దంచుతాం, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతాం. వ్యవసాయ మట్టి పరీక్షకు అది పద్ధతి. ఫినాల్‌కు ఆ పద్ధతి వాడితే, ఎండలో పెట్టిన కర్పూరం బిళ్ళను సాయంత్రం తూచినట్టు ఉంటుంది. శుద్ధమైన ఫినాల్ 40.5 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చెన్నైలో మే మధ్యాహ్నం ఆ అంకెకు ఎంతో దూరంలో ఉండదు. కరగకముందు నుంచే అది ఆవిరవుతూ ఉంటుంది కాబట్టే మనకు వాసన తగులుతుంది. ఆవిరి కాగా మిగిలినదాన్ని, సంచిలో వెచ్చగా తడిగా ఉన్నంతసేపూ బ్యాక్టీరియా తింటూ ఉంటుంది.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. తీసిన మట్టిని తీసినట్టే, ఖాళీ లేకుండా, టెఫ్లాన్ పొర ఉన్న మూత గల ముదురు గోధుమరంగు గాజు సీసాలో నింపాలి; 4 డిగ్రీల చలిలో, వెలుతురు తగలకుండా తీసుకెళ్ళాలి; 14 రోజుల్లోపు ద్రావకంలోకి సారం తీయాలి, ఆ తర్వాత 40 రోజుల్లోపు విశ్లేషణ ముగించాలి. అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన ఈ గడువులనే మన ప్రయోగశాలలూ పాటిస్తాయి. పొడి బరువు లెక్క కావాలంటే అదే మట్టిలో ఇంకో చిటికెడు విడిగా ఆరబెట్టి తేమ శాతం కట్టుకుంటే సరిపోతుంది. పరీక్షించే మట్టిని ఆరబెట్టే అవసరమే లేదు.

4. కొలిచిన పద్ధతి. పుటలో పద్ధతి పేరు లేకపోయినా, ‘ఫినాలిక్ సమ్మేళనాలు’ అని అన్నీ కలిపి ఒకే వరుసలో రాశారంటే, అది 4-అమైనోయాంటిపైరీన్ రంగు పరీక్షే అయి ఉండాలి. మట్టిని నీటితో కలిపి స్వేదనం చేసి, వచ్చిన నీటిని క్షార స్థితికి తెచ్చి, అమైనోయాంటిపైరీన్, పొటాషియం ఫెర్రీసయనైడ్ కలిపితే, ఫినాల్ ఉన్నచోట ఎర్రటి రంగు వస్తుంది. తక్కువ మోతాదులైతే ఆ రంగును క్లోరోఫాంలోకి లాగి, 460 నానోమీటర్ల దగ్గర చదువుతాం. చవకైన పద్ధతి, చూడముచ్చటైన రంగు. నా చేతులతో వేల సీసాలు చూశాను. వ్యర్థ జలాల రోజువారీ పరీక్షకు నేటికీ దానికి సాటి లేదు.

అయితే దానికి ఒక గుడ్డితనం ఉంది, దాన్ని విధానం రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. ఫినాల్ వలయంలో హైడ్రాక్సిల్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న చోటును పారా స్థానం అంటాం. ఆ చోట మిథైల్ వంటి ఆల్కైల్ గుంపో, నైట్రో గుంపో కూర్చుని ఉంటే రంగు రాదు. ఆ చోట మిథైల్ ఉన్న పారాక్రెసాల్ కిలోల లెక్కన ఉన్నా ఆ సీసా ఎర్రబడదు. పారానైట్రోఫినాల్ సంగతీ అంతే. ఇప్పుడు ఆ పీపాల మీది రెండో చీటీని గుర్తు చేసుకోండి. క్రెసైలిక్ యాసిడ్ అంటే ముఖ్యంగా ఫినాల్ జాతికే చెందిన క్రెసాల్స్, జైలినాల్స్ కలిసిన ద్రవం. అందులో పారాక్రెసాల్ ఒక ప్రధాన భాగం. క్రెసాల్ పీపాలు కడిగిన గుంతను, క్రెసాల్‌లో ముఖ్యమైనదాన్ని చూడలేని పద్ధతితో పరీక్షించి, ఏమీ కనబడలేదని మాకు రాసి పంపారు. చీకట్లో నల్లపిల్లిని వెతికి, లేదని సంతకం పెట్టడం ఇదే.

సరైన దారి మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా ఈ లేఖ చదివే మామూలు మనుషుల కోసం రెండు మాటలు. తడి మట్టిని ఆమ్ల స్థితికి తేవాలి. ఎందుకంటే పెంటాక్లోరోఫినాల్ వంటివి మామూలు మట్టిలో అయాన్ రూపంలో ఉండి ద్రావకంలోకి రానని మొరాయిస్తాయి. ఆమ్లం తగిలితేనే దారికి వస్తాయి. ఆ మీదట ద్రావకాన్ని మళ్ళీ మళ్ళీ మట్టి గుండా పంపే సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో 16 నుంచి 24 గంటలు, లేదా అల్ట్రాసౌండ్‌తో, సారం తీయాలి. క్షారంతోనూ ఆమ్లంతోనూ కడిగి మురికి వదిలించి, గ్యాస్ క్రొమటోగ్రఫీ - మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రంలో ఒక్కొక్క ఫినాల్‌నూ పేరు పెట్టి, విడిగా కొలవాలి. అమెరికావారి ప్రాధాన్య కాలుష్యకాల పట్టికలో 11 ఫినాల్స్ ఉన్నాయి. మా స్థలానికి క్రెసాల్స్ మూడింటినీ వాటికి కలపాలి. క్లోరోఫినాల్స్ కోసమైతే మట్టికే ప్రత్యేకించిన ఐఎస్ఓ 14154 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఈ యంత్రాలు చెన్నైలో లేనివి కావు. పురుగుమందుల అవశేషాల కోసం రోజూ నడుస్తున్నవే.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మట్టి నుంచి ఫినాల్ మొత్తం బయటికి రాదు, కొంత దారిలో పోతుంది. ఎంత పోయిందో తెలుసుకోవడానికి మొదట్లోనే 2-ఫ్లోరోఫినాల్, 2,4,6-ట్రైబ్రోమోఫినాల్ వంటి, మట్టిలో సహజంగా ఉండని గుర్తు పదార్థాలను తెలిసిన మోతాదులో కలిపి, చివర్లో ఎంత తిరిగొచ్చిందో చూస్తాం. దాన్ని రికవరీ అంటాం. వంద పాళ్ళు వేస్తే ఇరవై పాళ్ళే తిరిగొచ్చిన రోజున, ‘ఏమీ లేదు’ అనే హక్కు విశ్లేషకుడికి ఉండదు. రికవరీ అంకె లేని ఫినాల్ నివేదికను నేనైతే నివేదిక అనను.

5. ఆ పరిమితి ఎంత? ఇక్కడ చిన్న లెక్క. రంగు పరీక్ష లీటరు నీటిలో 0.1 మిల్లీగ్రాము దాకా చూడగలదనుకుందాం. 10 గ్రాముల మట్టి తీసుకుని, 500 మిల్లీలీటర్ల స్వేదన జలం పట్టారనుకుందాం. అప్పుడు కనబడటానికి ఆ 10 గ్రాముల్లో కనీసం 0.05 మిల్లీగ్రాము ఉండాలి. అంటే కిలోకు 5 మిల్లీగ్రాములు. కెనడాలో ఇళ్ళ స్థలాల మట్టిలో ఫినాల్‌కు పెట్టుకున్న మార్గదర్శక విలువ కిలోకు 3.8 మిల్లీగ్రాములు. ఈ లెక్కన, ఆ దేశంలో ఇల్లు కట్టుకోవడానికి ముందు ఆగి ఆలోచించవలసిన మట్టి కూడా ఇక్కడ బీడీఎల్ అవుతుంది. మీ పరిమితి ఇంతకన్నా తక్కువే అయి ఉండవచ్చు. ఉంటే రాయండి, ఆ ఒక్క అంకెతో మా సగం గొడవ తీరుతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా నేనూ పరిమితి రాయకుండా బీడీఎల్ అని సంతకాలు పెట్టాను. నెలాఖరుకు నివేదికలు వెళ్ళాలి, అడిగేవాళ్ళు లేరు. ఆ కాగితాలు పట్టుకుని ఎవరు ఎక్కడ ఏం చేశారో అప్పట్లో ఆలోచించలేదు. ఇప్పుడు అలాంటి కాగితం మా వీధికే వచ్చింది.

6. వీధిలో ఆ పుట చేసిన పని. స్థలం అమ్మేవాళ్ళు దాన్ని లామినేషన్ చేయించి, ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్ళకు చూపిస్తున్నారు. మత్స్యకారుల ఇంటి కుర్రాడొకడు, ఓడరేవు దగ్గర లారీ నడిపే అతను, అది చూసి నమ్మి, భార్య నగలు కుదువపెట్టి బయానా ఇచ్చాడు. ‘ప్రభుత్వం పరీక్ష చేసి ఏమీ లేదని రాసిచ్చిందంట కదక్కా’ అని నన్నే అడిగాడు. గుర్తింపు పరిమితి అంటే ఏమిటో అతనికి నడివీధిలో నిలబడి ఎలా చెప్పను?

పునాదుల నుంచి తీసిన నల్ల మట్టి ఆ స్థలంలో లేదు. రాత్రిపూట లారీలకు ఎత్తి, పల్లపు ప్లాట్లు మెరక చేసుకునేవాళ్ళకు లోడు లెక్కన అమ్మేశారు. ఎన్ని లోడ్లో, ఎవరి ఇంటి కిందికి వెళ్ళిందో ఎవరి దగ్గరా లెక్క లేదు. బీడీఎల్ అని ఉన్నాక ఆ మట్టిని ఆపడానికి ఎవరికి అధికారం ఉంటుంది? ఒక గుంతలో ఉన్న కాలుష్యం ఇప్పుడు ఊళ్ళో ఎన్ని గడపల కింద ఉందో వెతుక్కోవలసిన స్థితి వచ్చింది.

7. నీళ్ళు. ఇది చెప్పడానికి ఎక్కువ స్థలం తీసుకుంటాను, క్షమించండి. ఎందుకంటే ఆడవాళ్ళు రోజూ నాతో మాట్లాడేది మట్టి గురించి కాదు, నీళ్ళ గురించి. స్థలానికి దిగువ వరుసలో ఉన్న ఇళ్ళ బోరు నీళ్ళకు రెండేళ్ళుగా ఒక వాసన ఉంది. పక్కింటావిడ, పురుగు పడిందేమోనని, సంపులో బ్లీచింగ్ పౌడరు వేసింది. మర్నాటికి వాసన తగ్గకపోగా పదింతలై, ఇల్లంతా ఆసుపత్రి వార్డులా కంపు కొట్టింది. ఇంకాస్త పౌడరు వేసింది, ఇంకా పెరిగింది. చివరికి సంపు మొత్తం తోడి పారబోసి, నా దగ్గరకొచ్చి ‘నేనేం తప్పు చేశానమ్మా’ అంది.

ఆమె చేసిన తప్పేమీ లేదు. నీటిలో ఫినాల్ ఉంటే క్లోరిన్ దానితో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది. ఫినాల్ కన్నా క్లోరోఫినాల్స్ వాసన ఎన్నో రెట్లు తక్కువ మోతాదులోనే ముక్కుకు తెలుస్తుంది. 2-క్లోరోఫినాల్ అయితే లీటరుకు 0.1 మైక్రోగ్రాము ఉన్నా నోటికి తగులుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ఫినాలిక్ సమ్మేళనాలకు లీటరుకు 0.001 మిల్లీగ్రాము అన్న అతి తక్కువ అంకె పెట్టింది. వేరే నీటి వనరు లేనప్పుడు 0.002 దాకా. ఆ అంకె వెనుక ఉన్న ముఖ్య కారణం ఇదే. బ్లీచింగ్ వేస్తే పెరిగే ఆ కంపు మా వీధిలో ఎవరూ డబ్బు కట్టకుండా జరిగిన రసాయన పరీక్ష. మీ పుట చూడలేనిదాన్ని ఒక గృహిణి సంపు చూసింది.

ఇప్పుడు ఆ వరుసలోని ఇళ్ళు తాగడానికి క్యాన్ నీళ్ళు కొంటున్నాయి, వంటకు మెట్రో వాటర్ లారీ కోసం బిందెలు వరుస పెడుతున్నాయి. స్నానానికీ బట్టలకూ అంట్లకూ మాత్రం ఆ బోరు నీళ్ళే గతి. ఫినాల్ చర్మం గుండా వెళ్ళే పదార్థమని పైన చెప్పాను. ఇంట్లో నెలల బిడ్డ ఉన్న ఒక అమ్మాయి, బిడ్డ స్నానానికి కూడా క్యానే వాడుతోంది. ఆమె భర్త రోజుకూలీ. బయట ప్రయోగశాలకు బోరు నీళ్ళు తీసుకెళితే, వాళ్ళ మామూలు ప్యాకేజీలో కాఠిన్యం, ఉప్పు, ఇనుము వంటివే ఉన్నాయి. ఫినాల్స్ విడిగా కావాలంటే వాళ్ళు చెప్పిన ధర విని తిరిగొచ్చేశారు.

ఇవీ మా బాధలు. ఇక మా డిమాండ్లు. ఇవి దయ అడగడం కాదు, నిబంధనల్లో ఉన్నవే అడుగుతున్నాం.

8. ఆ పుటకు ఆధారమైన ముడి వివరాలన్నీ ఇవ్వండి: ఏ పద్ధతి, ఎంత మట్టి, గుర్తింపు పరిమితి ఎంత, రికవరీ ఎంత, నమూనా అందిన తేదీ, పరీక్ష చేసిన తేదీ. ప్రయోగశాలల గుర్తింపునకు ఆధారమైన ఐఎస్ఓ 17025 ప్రమాణం ప్రకారం నివేదికలో పద్ధతి పేరూ తేదీలూ ఉండి తీరాలి. లేవంటే, ఆ నివేదికను ఉపసంహరించుకున్నట్టు రాసివ్వండి. అమ్మకందారు చేతిలోని లామినేషన్ కాగితానికి విరుగుడు అదొక్కటే.

9. మళ్ళీ మట్టి తీయండి. ఈసారి పూడ్చిన గుంత చోటు మేమే చూపిస్తాం; అక్కడి పీపాల మధ్య ఆడుకుని పెరిగిన మగపిల్లలు ఇప్పుడు నలభై దాటినవాళ్ళు, పాదంతో గీత గీసి చూపగలరు. పైపొర, 1 మీటరు, 2 మీటర్లు, నీటి మట్టం, ఈ లోతుల్లో దేనికది విడి సీసాలో తీయండి, కలపకండి. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లోని 11వ సెక్షన్ చెప్పినట్టు ముందుగా నోటీసు ఇచ్చి, సీలు వేసి, సంతకాలతో తీయండి. రేపు కోర్టులో నిలబడే నమూనా అదే. దిగువ వరుసలో కనీసం నాలుగు బోర్ల నీళ్ళు అదే రోజు పట్టండి.

10. ఒక్కొక్క ఫినాల్‌నూ పేరుతో కొలిచి, పారాక్రెసాల్‌ను తప్పక చేర్చి, ఫలితాన్ని అంకెగా ఇవ్వండి. పరిమితి కన్నా తక్కువ వస్తే ‘కిలోకు ఇంత కన్నా తక్కువ’ అని ఆ అంకెతోనే రాయండి. దాన్ని తమిళంలోనూ తెలుగులోనూ వీధి మొగలో అతికించండి. మా పేటలో రెండు భాషలవాళ్ళమూ కలిసే ఉన్నాం, ఆ కంపు ఇద్దరికీ ఒకటే.

11. ఫలితం వచ్చేదాకా ఆ స్థలంలో తవ్వకాన్నీ మట్టి తరలింపునూ ఆపించండి. వెళ్ళిన లోడ్లు ఎక్కడికి వెళ్ళాయో లారీల వాళ్ళను పిలిచి అడగండి. ఇప్పటికి చేతులు పాడైన కూలీలకు వైద్య పరీక్ష చేయించండి. వాళ్ళు పని ముగిశాక వేరే ఊరికి వెళ్ళిపోతారు, తర్వాత దొరకరు.

12. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అనుమానిత స్థలం గురించి తెలిశాక ప్రాథమిక అంచనాకు వాటిలో 90 రోజుల గడువు ఉంది. మా స్థలాన్ని ఆ నిబంధనల కింద అనుమానిత స్థలంగా నమోదు చేసి, ఏ తేదీన నమోదైందో తెలియజేయండి. గడువు ఆ రోజు నుంచి లెక్కపెడతాం.

ప్రయోగశాలల్లో పనిచేస్తున్న నా తోటి విశ్లేషకులకు విడిగా ఒక మాట. మీ దగ్గరకు ఎండిన మట్టి, ప్లాస్టిక్ సంచిలో, లోతు రాయని చీటీతో వస్తే, ఫినాల్ పరీక్షకు తీసుకోకండి. ‘ఈ నమూనా ఈ పరీక్షకు పనికిరాదు’ అని ఒక వాక్యం రాసి వెనక్కి పంపండి. ఆ వాక్యం రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేకపోయింది, అయినా నేను రాయలేదు.

పునాది తవ్విన రోజు ఆ నల్ల మట్టిని రెండు గాజు సీసాల్లో నింపి, తేదీ, లోతు రాసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. గడువు దాటిపోయింది కాబట్టి అది ఇప్పుడు సాక్ష్యంగా చెల్లదని నాకు తెలుసు. మూత తీస్తే వాసన మాత్రం ఇంకా వస్తోంది. వచ్చినవారికి చూపిస్తాను. అక్టోబరులో వానలు మొదలై పునాది గుంత నీళ్ళతో నిండకముందే ఒక తేదీ చెప్పండి. ఏ రోజైనా సరే, ఉదయం ఆరు గంటలకల్లా పార, గడ్డపార, ఐస్ పెట్టెలతో వీధి మొగలో మేము సిద్ధంగా ఉంటాం.

ఇట్లు,
ఉత్తర చెన్నై వాసి, విశ్రాంత రసాయన విశ్లేషకురాలు,
దిగువ వరుస ఇళ్ళవారి తరఫున